దొంగలు నాటిన అడవి

పనామా కాలువ నడుమ ఉన్న ఓ దీవిలో ఎలుక జాతి జంతువొకటి అడవిని నిలబెడుతోంది. దానికున్న అర్హతలు రెండే: దాచుకునే బుద్ధి, దొంగబుద్ధి

ఎలుక జాతి గురించి మంచి మాట చెప్పే సామెత తెలుగులో వెతికినా దొరకడం కష్టం. ప్రజల సొమ్ము మెక్కేవాణ్ని గాదె కింద పందికొక్కు అంటాం. పడ్డ శ్రమంతా వృథా అయితే కొండను తవ్వి ఎలుకను పట్టామని నిట్టూరుస్తాం. వినాయకుడి వాహనమన్న గౌరవం చవితి పందిట్లోనే. మర్నాడు చేలో కనిపిస్తే ఎరమందే గతి. కోనసీమలో వరి పండించే ఇంట్లో పుట్టిన నాకు ఎలుకల పక్షాన వకాల్తా పుచ్చుకోవాల్సిన రోజొకటి వస్తుందని ఎన్నడూ అనిపించలేదు. అదీ ఇంటికి సగం భూగోళం అవతల, పనామాలో.

2025 మే నెలాఖరులో నేను పనామా వెళ్లింది ఎలుకల కోసం కాదు. ఆ ఏడాది జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తూ డొనాల్డ్ ట్రంప్ పనామా కాలువను వెనక్కి తీసుకుంటామన్నారు. 1977 నాటి ఒప్పందాల ప్రకారం 1999 డిసెంబర్ 31న అమెరికా అప్పగించిన కాలువ అది. రాజకీయ శాస్త్రం చదువుకున్న విలేకరికి అంతకన్నా మేత ఏం కావాలి? కాలువ ఎవరిది అన్న ప్రశ్న పట్టుకుని వారం పాటు అధికారుల చుట్టూ, అధ్యాపకుల చుట్టూ తిరిగాను. చివర్లో ఒక రోజు మిగిలింది. కాలువ మధ్యలో అడవి దీవి ఉందని, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చూపిస్తారని హోటల్లో ఎవరో చెప్పారు. సరదాగా బయల్దేరాను. తిరిగి వచ్చేసరికి నా ప్రశ్న మారిపోయింది. కాలువ ఎవరిదో తర్వాత చూద్దాం, దాని గట్టున ఉన్న అడవిని నాటుతున్నదెవరు?

మునిగిన కొండలు

గాంబోవా అనే చిన్న ఊరి రేవు నుంచి పడవ ఉదయం ఏడు దాటాక కదిలింది. ముప్పావు గంట ప్రయాణం. కాసేపటికే మా పడవ పక్కనుంచి ఒక సరుకు ఓడ వెళ్లింది. కంటెయినర్లు ఏడెనిమిది వరుసల ఎత్తున పేర్చి ఉన్నాయి. పది అంతస్తుల అపార్ట్‌మెంటు లేచి నడిచి వెళ్తున్నట్టుంది. దాని వెనుక, చేతికందేంత దూరంలో అన్నట్టు, నల్లటి అడవి. ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే జలమార్గాల్లో ఒకటి, కోతుల అరుపులు వినిపించే అడవి ఇలా ఒరుసుకుని బతకడం మరోచోట చూడలేదు.

ఇది నిజానికి నది. చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి 1910, 1914 మధ్య గాతూన్ సరస్సును నింపారు. లోయలు మునిగాయి. కొండల తలలు మాత్రం నీటిపైన మిగిలి దీవులయ్యాయి. అలా మిగిలిన వాటిలో పెద్దది బరో కొలరాడో. విస్తీర్ణం 1,560 హెక్టార్లు, అంటే దాదాపు 3,850 ఎకరాలు. 1923లో దీన్ని పరిశోధనల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1946 నుంచి అమెరికాకు చెందిన స్మిత్సోనియన్ సంస్థ అజమాయిషీలో ఉంది. ఉష్ణమండల అడవుల్లో ఇంత కాలంగా, ఇంత లోతుగా చదివిన చోటు మరొకటి లేదంటారు. ఇక్కడ 50 హెక్టార్ల ముక్కలో సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కనూ కొలిచి, నంబరు కట్టి, 1980ల తొలినాళ్ల నుంచి విడతలవారీగా లెక్కిస్తున్నారు. రెండు లక్షల పైచిలుకు మొక్కలు, దాదాపు 300 జాతులు. మన దేశంలో నీలగిరుల దిగువన ముదుమలైలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్ బృందం 1988లో మొదలుపెట్టిన 50 హెక్టార్ల అధ్యయనానికీ ఇదే నమూనా.

దారిలో నీటిలోంచి పొడుచుకొచ్చిన మోడులు కనిపిస్తాయి. వందేళ్ల నాడు మునిగిన చెట్లవి. వాటి మధ్య చిన్న చిన్న లంకలు. కొన్ని మా ఊరి చెరువు గట్టంత కూడా లేవు. చూడ్డానికి అన్నిటి మీదా పచ్చగానే ఉంది. వాటి సంగతి తర్వాత చెబుతానన్నాడు గైడ్. స్పానిష్ యాసతో ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడు. చెప్పాడు కూడా. ఆ మాట దగ్గరికి నేనూ తర్వాతే వస్తాను.

తేగల పాతర

రేవు నుంచి మెట్లెక్కితే పరిశోధకుల బస, దాని వెనకే అడవి. తొలకరి పడి పది రోజులైంది. మట్టి వాసన, ఆకు కుళ్లిన వాసన కలిసి మా వైపు జూన్ నెల తోటల వాసనే. గంట నడిచాక గైడ్ చెయ్యెత్తి ఆగమన్నాడు. బాటకు ఇరవై అడుగుల దూరంలో ఒక జంతువు కూర్చుని ఉంది. కుందేలంత ఒళ్లు, లేడిపిల్ల కాళ్లు, ఎలుక మొహం. ఎర్రమట్టి రంగు బొచ్చు. తోక ఉందా లేదా అన్నట్టుంది. పేరు అగూటి. పనామా జనం న్యెకే అంటారు. బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. రాత్రి తిరిగే మన ఎలుకల్లా కాదు, పగలే సంచారం. ఆడా మగా జంటగా ఒక హద్దు గీసుకుని బతుకుతాయి.

అది వెనక కాళ్ల మీద కూర్చుని ముందు పాదాలతో నారింజ రంగు పండు పట్టుకుని గుజ్జు ఒలుస్తోంది. పైన ఆ పండ్ల గెల వేలాడుతోంది. తాటి కుటుంబానికి చెందిన చెట్టు. కాండం చుట్టూ కణుపు కణుపుకూ పొడవాటి నల్ల ముళ్లు. స్థానికులు చుంగా అంటారు. దీని లేత ఆకుల నారతోనే ఎంబెరా, వౌనాన్ గిరిజన స్త్రీలు బుట్టలు అల్లుతారు. పనామా నగరం పాత పేటలో పర్యాటకులు ఖరీదు చూసి నోరు తెరిచే బుట్టలవే. పండు లోపల టెంక రాయిలా ఉంటుంది. మనుషులు సుత్తితో కొట్టాల్సిందే. అగూటి పళ్లు దాన్ని కొరికి తెరవగలవు.

అయితే అది తెరవలేదు. గుజ్జు ఒలిచి పడేసి, టెంకను నోట కరుచుకుని పొదల్లోకి దూరింది. గైడ్ బైనాక్యులర్ నా చేతికిచ్చాడు. ముందు కాళ్లతో గబగబా చిన్న గొయ్యి తీసింది. టెంకను అందులోకి నెట్టింది. మట్టి కప్పి పాదాలతో అదిమింది. పైన ఒక ఎండుటాకు లాగింది. అటూ ఇటూ చూసింది. వెళ్లిపోయింది. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తాటిపండ్ల కాలం అయ్యాక టెంకలన్నీ పోగేసి దొడ్లో ఇసుక మట్టిలో పాతర వేయించేది. సంక్రాంతి నాటికి తవ్వితే తేగలు. ముందే తొందరపడి తవ్వితే బుర్రగుంజు. తాటి టెంకను పాతిపెట్టి, మళ్లీ తవ్వుకుని తినే విద్య మనుషులది మాత్రమే అనుకునేవాణ్ని.

తేడా ఒక్కటే. మా అమ్మమ్మ అన్నీ ఒకచోటే పాతేది. మన పందికొక్కులూ అంతే. చేలోంచి కోసుకొచ్చిన వెన్నులన్నీ ఒకే కలుగులో కుక్కుతాయి. కోతలయ్యాక పేదవాళ్లు ఆ కలుగులు తవ్వి ధాన్యం తెచ్చుకోవడం చిన్నప్పుడు చూశాను. అంత లోతున, అంత గుట్టగా పడ్డ గింజ మొలవదు. అగూటి లెక్క వేరు. ఒక గోతికి ఒకే గింజ. ఒక్కో గొయ్యి ఒక్కో చోట. అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టని వ్యాపారి తెలివి. అడవిలో పండ్లు దండిగా ఉండేది కొన్ని నెలలే. వానాకాలం చివర్లో కరువు వస్తుంది. ఆ నెలల కోసమే ఈ పొదుపు. ఆ రెండంగుళాల లోతు గొయ్యి గింజకు తినేవాడి గోదామూ అవుతుంది, రైతు చాలూ అవుతుంది. యజమాని తిరిగి వచ్చాడా లేదా అన్నదాన్ని బట్టి.

దొంగకు దొంగ

తిరిగి రావడమనే విషయంలోనే అసలు కథ ఉంది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్ యాన్సెన్, అమెరికా శాస్త్రవేత్తలు బెన్ హిర్ష్, రోలండ్ కేస్ తదితరులు ఇదే దీవిలో చుంగా గింజలకు దారంతో చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టారు. గింజ పాతినా ట్రాన్స్‌మిటర్ పైనే ఉంటుంది. కదిలితే సంకేతం వస్తుంది. గింజలు దాచిన చోట్ల కెమెరాలు పెట్టారు. అగూటిలను పట్టి, గుర్తు పట్టేలా ఆనవాళ్లు వేసి వదిలారు. ఏ గింజను ఎవరు పాతారు, ఎవరు తవ్వారు, ఎక్కడికి మోశారు అని ఏడాది పాటు వెంటపడ్డారు. ఫలితాలు 2012లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కెమెరా పట్టింది. తవ్వి తీసినవాటిలో అత్యధికం సొంతదార్లు కాదు, పక్క అగూటిలు. అయితే దొంగిలించిన గింజను దొంగ వెంటనే తినలేదు. తన హద్దులోకి మోసుకెళ్లి మళ్లీ పాతింది. దాన్ని ఇంకో దొంగ తవ్వింది. మళ్లీ పాతింది. ఒక గింజ ఇలా 36 సార్లు చేతులు మారింది, లేదా నోళ్లు మారింది. అది తిరిగిన దూరమంతా కలిపితే 749 మీటర్లు. మొదలైన చోటు నుంచి తేలిన దూరం 280 మీటర్లు. చివరికి 209వ రోజున ఒక అగూటి దాన్ని తవ్వుకుని తినేసింది.

ఆ ఒక్క గింజ కథ విషాదాంతమే. మొత్తం లెక్క చూస్తే వేరే బొమ్మ కనిపిస్తుంది. గింజల్లో 35 శాతం తల్లిచెట్టుకు వంద మీటర్లు దాటి వెళ్లాయి. ఏడాది తిరిగేసరికి ఇంకా తినకుండా మిగిలినవి సుమారు 14 శాతమని అంచనా. నూటికి పద్నాలుగేనా అనిపించవచ్చు. దశాబ్దాల పాటు బతికే చెట్టు తన జీవితకాలంలో వేల గింజలు రాలుస్తుంది. వాటిలో ఒక్కటి ఎదిగి దాని స్థానంలో నిలిస్తే ఆ జాతి లెక్క సరిపోయినట్టే.

దూరం వెళ్లడం ఎందుకంత ముఖ్యం? తల్లిచెట్టు కింద పడ్డ గింజకు నీడ ఒక్కటే శత్రువు కాదు. మామిడి టెంకలో పురుగు ఉంటుంది చూశారా, అలాంటి పెంకు పురుగులు ఈ తాటి జాతి గింజల మీద గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోయి పప్పంతా తినేస్తుంది. ఒకే జాతి చెట్లు గుంపుగా ఉన్నచోట ఆ జాతిని పట్టే పురుగులు, తెగుళ్లు కాపు వేసుకుని కూర్చుంటాయి. అందుకే ఉష్ణమండల అడవిలో ఒక చెట్టు పక్కన అదే జాతి చెట్టు అరుదుగా ఉంటుందని, వందల జాతులు కలిసి బతకడానికి అదే కారణమని డేనియల్ జాన్‌జెన్ 1970లో, జోసెఫ్ కానెల్ 1971లో వేర్వేరుగా వాదించారు. గింజ మట్టిలో పడితే పురుగు నుంచి తప్పించుకుంటుంది. దూరం పోతే తెగులు నుంచి తప్పించుకుంటుంది. అగూటి రెండు పనులూ చేస్తోంది.

మరో విశేషం. హిర్ష్ బృందమే 2012లో ప్రకటించిన మరో అధ్యయనంలో తేలిందేమంటే, అగూటిలు గింజలను ఎటుపడితే అటు మోయడం లేదు. చుంగా చెట్లు పలచగా ఉన్న వైపుకు మోస్తున్నాయి. చెట్లు ఎక్కువున్న చోట వెతికే దొంగలూ ఎక్కువ. కాబట్టి దొంగల కన్ను పడని చోటు చూసుకుంటున్నాయి. పురుగూ తెగులూ తక్కువుండే చోటు కూడా అదే. అడవిశాఖ నర్సరీ అధికారి జీపులో తిరిగి ఎంపిక చేసినా ఇంతకన్నా మంచి స్థలం దొరకదు.

అగూటికి తన పొట్ట తప్ప మరో ధ్యాస లేదు. పోనీ మతిమరుపు జంతువా అంటే అదీ పూర్తిగా కాదు. గింజ బతకడానికి చాలా సందర్భాల్లో కారణం మరొకటి. ఈ దీవిలో ఓసెలాట్ అనే మచ్చల అడవిపిల్లి ఉంది. అగూటిని చంపేది ఎక్కువగా అదే. దాచుకున్నవాడు ఓసెలాట్ నోట పడితే అతని గోతుల్లోని ఆస్తికి వారసుడు ఉండడు. దొంగలూ కనిపెట్టలేకపోయిన గింజ వానలకు మొలకెత్తుతుంది.

ఏనుగులు పోయిన తర్వాత

ఈ దొంగతనాల వెనుక ఇంకా పాత ప్రశ్న ఉంది. ఇంత పెద్ద గింజ, ఇంత గట్టి టెంక అసలు ఎవరి కోసం తయారయింది? ఏనుగు మింగిన వెలగపండు పోలిక మనకు కొత్త కాదు. మన అడవుల్లో పెద్ద పండ్లను మింగి, గింజలను మైళ్ల దూరం మోసి, పేడతో సహా విడిచే ఏనుగులు ఇంకా ఉన్నాయి. అమెరికా ఖండాల్లో లేవు. ఒకప్పుడు ఉండేవి. ఏనుగులకు దూరపు బంధువులైన గోంఫోథీర్లు, గున్న ఏనుగంత స్లాత్‌లు మధ్య అమెరికా అడవుల్లో తిరిగేవి. పది వేల ఏళ్లకు ముందే అవి అంతరించాయి. ఇక్కడి పెద్ద పండ్లు చాలావరకు ఆ జంతువుల కోసం పుట్టినవేనని, తినేవాళ్లు పోయినా వడ్డన ఆగలేదని జాన్‌జెన్, పాల్ మార్టిన్ 1982లో సైన్స్ పత్రికలో రాశారు.

వాదన బాగుంది. మరి మోసేవాళ్లు పోయి పది వేల ఏళ్లయితే ఆ చెట్లు ఇంకా ఎలా ఉన్నాయి? యాన్సెన్ బృందం ఇచ్చిన జవాబు ఇదే. ఏనుగు ఒక్కసారిగా మోసిన దూరాన్ని దొంగ ఎలుకలు ముప్పై ఆరు విడతల్లో మోస్తున్నాయి. ఏనుగు చేసిన పనంతా ఇవి చేయలేవు. ఆ ఏనుగుల్లా మైళ్లు దాటించలేవు. చెట్టు జాతి నిలబడేంత మాత్రం చేస్తున్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే మనకు వెక్కిరింత. ఇక్కడి శాస్త్రవేత్తలు ఎలుకను పట్టుకుంటే కొండంత జవాబు దొరికింది.

ఎలుక జాతి అంతా ఇలాగే ఉంటుందని కాదు. ఇదే దీవిలోని ముళ్లబొచ్చు ఎలుకలు, ఉడుతలు చాలా గింజలను నమిలి పారేస్తాయి. అగూటి కూడా దాచినవాటిలో ఎక్కువ భాగం తినేదే. అడవి దానికిచ్చే కూలి అది. కూలి పోను మిగిలినదే అడవి.

హద్దు అవతల

భోజనం వేళ వంటశాల అరుగు మీద గైడ్ పొద్దుటి మాట అందుకున్నాడు. ఆ చిన్న లంకల సంగతి. నీళ్లు చుట్టుముట్టి వందేళ్లు దాటింది. హెక్టారుకు లోపు ఉన్న లంకల్లో అగూటి లాంటి జంతువులు బతకలేవు. చెట్లు మాత్రం బతికాయి. అయితే ఎగ్‌బర్ట్ లీ అనే శాస్త్రవేత్త బృందం 1993లో లెక్క తీస్తే అక్కడ జాతుల సంఖ్య పడిపోయింది. వేర్వేరు లంకల్లో అవే నాలుగైదు జాతులు పెత్తనం చేస్తున్నాయి. గాలి దెబ్బ ఒక కారణం. జంతువులు లేకపోవడం మరొకటి. ఎవరూ పాతకపోయినా పురుగు బారిన పడకుండా మొలవగల పెద్ద గింజల చెట్లదే అక్కడ రాజ్యం. పొద్దున పడవలోంచి చూసినప్పుడు నాకు కనిపించిన పచ్చదనం అదన్నమాట.

లంకలను నీరు వేరు చేసింది. ఒడ్డున ఆ పని తుపాకీ చేస్తోంది. అగూటి మాంసం పనామా పల్లెల్లో ఇష్టంగా తింటారు. బరో కొలరాడోలో, చుట్టూ రక్షిత ద్వీపకల్పాల్లో వేట నిషేధం. కాపలా ఉంది. దాటి కొంత దూరం పోతే కాపలా పలచనవుతుంది. జోసెఫ్ రైట్ బృందం కాపలా బాగా ఉన్నచోట్లను, వేటగాళ్లు తిరిగేచోట్లను పోల్చి 2000లో ఒక అధ్యయనం ప్రచురించింది. తీసుకున్నవి చుంగాతో పాటు మరో తాటి జాతి. వేట పెరిగేకొద్దీ జంతువులు తగ్గాయి. తల్లిచెట్టు కింద నుంచి కదిలిన గింజలు తగ్గాయి. పెంకు పురుగులు తొలిచిన గింజలు పెరిగాయి. మొలకలు రావడం ఆగదు. వచ్చే మొలకలు ఎక్కడ వస్తాయి, ఏ జాతివి వస్తాయి అన్నది మారిపోతుంది.

దీని ప్రమాదమేమిటంటే, కంటికి కనిపించదు. చెట్టు కొట్టేస్తే ఉపగ్రహం ఫొటో తీస్తుంది. లారీలో దుంగ పట్టుబడితే పత్రికలో వార్త వస్తుంది. అగూటి చట్టిలో ఉడికితే ఏ ఉపగ్రహానికీ తెలియదు. అడవి అలాగే నిలబడి ఉంటుంది. పెద్ద చెట్లకు కాపు వస్తూనే ఉంటుంది. నలభై, యాభై ఏళ్లు పోయాక ముసలి చెట్టు కూలినప్పుడు దాని చోట రావాల్సినది రాదు. అమెరికా జీవశాస్త్రవేత్త కెంట్ రెడ్‌ఫోర్డ్ 1992లో దీనికి ‘ఖాళీ అడవి’ అని పేరు పెట్టారు.

పనామాకు దక్షిణాన అమెజాన్‌లో ఈ సంగతి నేరుగా జనం జేబుకు తగులుతోంది. మన డ్రైఫ్రూట్ దుకాణాల్లో కనిపించే బ్రెజిల్ నట్ పెద్ద అడవి చెట్టు కాయ. కొబ్బరికాయంత గట్టి డొల్ల, లోపల పది నుంచి పాతిక గింజలు. కిందపడ్డ డొల్లను కొరికి తెరిచి గింజలు మోసుకెళ్లి పాతేది ప్రధానంగా అగూటే. కార్లోస్ పెరెస్ తదితరులు బ్రెజిల్, పెరూ, బొలీవియాల్లో 23 చోట్ల ఈ చెట్లను పరిశీలించి 2003లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. తరతరాలుగా కాయలు విపరీతంగా ఏరుకుంటున్న చోట్ల పెద్ద చెట్లున్నాయి, పడుచు చెట్లు దాదాపు లేవు. ఏరుకునే మనుషులు మిగల్చకపోతే అగూటికి పాతడానికేం ఉంటుంది? అక్కడ చాలా కుటుంబాలకు ఏటా చేతికందే నగదు ఆ కాయలే.

ఓడకు ఎన్ని నీళ్లు

ఇక కాలువ సంగతి. ఒక ఓడను సముద్రమట్టం నుంచి 26 మీటర్ల ఎత్తున ఉన్న గాతూన్ సరస్సుకు ఎక్కించి, అటువైపు దించడానికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు ఖర్చవుతుంది. దానిలో ఎక్కువ భాగం సముద్రం పాలే. పనామా నగరం, కోలోన్‌ల తాగునీరూ ఈ పరీవాహక ప్రాంతం నుంచే. 2023లో ఎల్ నినో వానల్ని ఎగ్గొట్టింది. మామూలుగా రోజుకు 36కు తగ్గకుండా దాటే ఓడలను డిసెంబర్ నాటికి 22కు తగ్గించారు. ప్రపంచ వాణిజ్యం వరుస కట్టి నిలబడింది. అగ్రరాజ్యం బెదిరింపుకన్నా వాన చుక్క బెదిరింపు పెద్దదని పనామావాళ్లు నాతో అనడానికి కారణం అది.

వానను అడవి పుట్టించలేకపోవచ్చు. పడ్డ వానను అడవి ఎలా పట్టుకుంటుందో మాత్రం ఇక్కడే కొలిచారు. స్మిత్సోనియన్ పరిశోధకులు కాలువ పరీవాహకంలోని అగువా సలూద్ అనే చోట అడవి ఉన్న వాగులను, పశువుల బీళ్ల మధ్య పారే వాగులను పోల్చారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం కుండపోత వానప్పుడు అడవి వాగులో వరద తక్కువ. ఎండాకాలం చివర్లో అడవి వాగులో పారే నీరు ఎక్కువ. కాలువకు కావాల్సింది ఆ రెండే.

అగూటి లేకపోతే రేపే కాలువ ఎండిపోతుందని నేను రాస్తే అది అబద్ధం. ఓడ, నీరు, అడవి, గింజ, ఎలుక అనే ఈ గొలుసులో ప్రతి కొక్కెం బలం వేరు. కొన్నింటికి అంకెలున్నాయి, కొన్నింటికి లేవు. అయితే ఒకటి గమనించాను. వారం పాటు నేను కలిసినవారిలో కాలువ గురించి మాట్లాడనివారు లేరు. నీటి గురించి చాలామంది మాట్లాడారు. అడవి గురించి కొందరు. న్యెకే గురించి మాట్లాడింది ఆ గైడ్ ఒక్కడే. తన తాత దాన్ని పులుసు పెట్టుకుని తినేవాడని, రుచిగానే ఉంటుందని నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు తింటావా అంటే, ఇక్కడ ఉద్యోగం పోతుందన్నాడు. ఆ జవాబులో ఆదర్శం లేదు. జీతమొచ్చే కాపలా ఉన్నచోట న్యెకే బతుకుతుందన్న లెక్క మాత్రం ఉంది.

మూడున్నరకు తిరుగు పడవ. వాన మొదలైంది. మళ్లీ ఆ లంకలు, ఆ మోడులు, మళ్లీ ఒక ఓడ. ఈసారి నేను ఓడను తక్కువ చూశాను, లంకల్ని ఎక్కువ చూశాను. గాంబోవా రేవులో దిగేసరికి గైడ్ చేతిలో ఏదో పెట్టాడు. చుంగా టెంక. మామిడి టెంకలా పురుగు తొలిచిన రంధ్రం ఒకటి ఉంది, లోపల డొల్ల. మొలకెత్తే గింజను దీవి దాటించకూడదు, ఇది చచ్చిన గింజ కాబట్టి ఫర్వాలేదు, తీసుకెళ్లమన్నాడు. ఎవరూ పాతకుండా తల్లిచెట్టు కిందే ఉండిపోయిన గింజ అట.

ఇంటికొచ్చాక ఆ సంక్రాంతికి అమ్మమ్మ ఇంటికి వెళ్లాను. అమ్మమ్మ లేదు. దొడ్లో పాతర వేసే చోట, వరుసకు కాస్త పక్కగా, నడుమెత్తు తాటి మొక్క ఒకటి విసనకర్రలా ఆకులు విప్పుకుని ఉంది. ఎవరు నాటారని అడిగితే మా మావయ్య నవ్వాడు. నాటలేదురా, ఏ ఏడో తవ్వడం మర్చిపోయిన టెంకై ఉంటుందన్నాడు.